వంటింటి చీమలకు పొలం మందు వద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

మా కోనసీమలో తొలకరి పడిందంటే చీమలు ఇళ్ళలోకి వచ్చేస్తాయి. బెల్లం డబ్బాలో, పాలగిన్నె మూత కింద, దేవుడి దగ్గర కొట్టిన కొబ్బరి చెక్కలో, ఆఖరికి స్విచ్ బోర్డుల్లోనూ అవే. ఇది మా తాతల నాటి నుంచీ ఉన్న బాధే, దానికి పత్రికకు ఉత్తరం రాయక్కర్లేదు. కానీ ఆ చీమల్ని చంపడానికి మనవాళ్ళు ఇప్పుడు వంటింట్లో ఏం చల్లుతున్నారో చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను. వరి చేలో కాండం తొలిచే పురుగుకు వేసే గుళికలు గ్యాస్ బండ వెనక పోస్తున్నారు. పేరూ ఊరూ లేని పొడులు బియ్యం డ్రమ్ము చుట్టూ వేస్తున్నారు. సంతలో అట్టపెట్టె కూడా లేకుండా అమ్మే తెల్ల చాక్‌పీసులతో, పిల్లలు పాకే గచ్చు మీద గీతలు గీస్తున్నారు. ఈ సంగతి మీ పత్రిక ద్వారా పదిమందికీ తెలియాలని నా కోరిక.

నేను ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. రాజోలు చుట్టుపక్కల ఊళ్ళలో టీకాలకని, బాలింతల్ని చూడ్డానికని ఇంటింటికీ తిరిగినదాన్ని. నర్సమ్మ వస్తే నేరుగా పడగ్గదిలోకో వంటింట్లోకో తీసుకెళతారు కాబట్టి, ఎవరింట్లో ఏ మూల ఏముందో మా ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇక్కడ పొలానికీ ఇంటికీ మధ్య గోడ లేదు. పురుగుమందు డబ్బా అరుగు మీద ఉంటుంది, లేదా అటక మీద కురిడీ కాయల పక్కన ఉంటుంది. ఆ డబ్బా కడిగి కిరసనాయిలు, ఫినాయిలు పోసుకునేవాళ్ళూ ఉన్నారు. చేలో వేయగా మిగిలిన గుళికలు ఓ పొట్లంలో కట్టి చూరులో దోపుతారు. ఇంట్లో ఆడవాళ్ళు చీమలతో వేగలేక ఆ పొట్లం తీస్తారు. వాళ్ళను నేను తప్పు పట్టడం లేదు. చంటిపిల్ల ఏడుస్తుంటే, పొయ్యి మీద పాలు పొంగుతుంటే, చీమల బారు పంచదార డబ్బా దాకా వచ్చేస్తే ఎవరైనా చేతికి దొరికిన మందే వేస్తారు. ఆ చేతికి అందేచోట అది ఉండటమే తప్పు.

పోయిన వర్షాకాలం మా వీధిలోనే జరిగింది. మూడేళ్ళ పిల్లాడు వంటింటి గోడ వారన పోసిన గుళికల్ని ఆడుకుంటూ నోట్లో వేసుకున్నాడు. వాళ్ళ మామ్మ చూసేసరికి నోట్లోంచి సొంగ కారుతోంది, ఒళ్ళంతా చెమట, వాంతి. కక్కిస్తే పోతుందని ఆవిడ చింతపండు రసం పట్టబోయింది. నేను వెళ్ళి ఆపాను. కంటిపాపలు చూస్తే సూదిమొన అంత అయిపోయి ఉన్నాయి. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ మందమ్మా?" అని. పిల్లాడి తల్లి చేతిలో ఉన్నది పాత న్యూస్‌పేపరు పొట్లం. దాని మీద ఏమీ లేదు. కొన్న షాపుకు ఫోన్ చేస్తే, "చీమల మందేనండి, అందరూ అదే పట్టుకెళతారు" అన్నాడు తప్ప పేరు చెప్పలేదు. లక్షణాలు చూసి డాక్టరుగారు విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పిల్లాడు బతికాడు. అదే ఆసుపత్రి ఇంకో గంట దూరంలో ఉంటే ఏమయ్యేదో నేను తలుచుకోదలుచుకోలేదు.

ఈ పొట్లం వ్యాపారం గురించే నా అసలు బాధ. పురుగుమందుల్లో ఒక్కో జాతికి ఒక్కో రకం వైద్యం. గుళికల్లో, పొడుల్లో ఉండే ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ జాతి మందులైతే అట్రోపిన్ పనిచేస్తుంది. చీమల చాక్‌పీసుల్లో మామూలుగా ఉండేవి సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి, వాటి దారి వేరు. పేరు తెలియకపోతే డాక్టరు కూడా లక్షణాల్ని బట్టి ఊహించుకోవాలి. అందుకే చట్టం ప్రకారం పురుగుమందు రిజిస్టరై ఉండాలి, దాని మీద లేబుల్ ఉండాలి, అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి. 1968 నాటి పురుగుమందుల చట్టం చెప్పేది ఇదే. లేబుల్ మీద వజ్రం ఆకారంలో ఓ గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎర్రగా ఉంటే అతి విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ, ఈ వరసలో విషం తగ్గుతుంది. చదువు రాని వాళ్ళకు కూడా అర్థం కావాలనే ఆ రంగులు పెట్టారు. డబ్బా విప్పి పావుకిలో, వంద గ్రాములు అని కాగితంలో కడితే ఆ రంగు ఎక్కడిది? పుర్రె బొమ్మ ఎక్కడిది?

ఇంకో సంగతి. మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ షాపుకెళ్ళి "గమాక్సిన్ పొడి ఉందా" అని అడుగుతారు. ఆ బీహెచ్‌సీ పొడిని మనదేశంలో 1997లోనే నిషేధించారు. మిథైల్ పారాథియాన్ అనే పురుగుమందును 2018లో ఆపేశారు. ఫోరేట్ గుళికలు, డైక్లోర్వాస్ అమ్మకూడదని, వాడకూడదని 2020 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ ఫోరేట్ ఎర్ర గుర్తు మందు. చేలల్లోనే వద్దన్న మందులవి. పాత డబ్బాలు మాత్రం ఇంకా కొందరి అటకల మీద ఉన్నాయి. అవి ఉన్నవాళ్ళు కాలవలో గుమ్మరించవద్దు, చేపల చెరువు గట్టు మీద పారేయొద్దు. పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టి, ఏం చేయాలో మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి.

సరే, విషమైనా చీమలు పోతే చాలు అనేవాళ్ళకు కూడా ఒక మాట చెప్పాలి. వాటితో చీమలు పోవు. నా మేనకోడలు వ్యవసాయ డిగ్రీ చదివింది. ఆ అమ్మాయి దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నవే ఇవన్నీ, తర్వాత మా ఇంట్లో, వీధిలో చేసి చూశాం. మనకు బారుగా కనిపించేవి తిండి కోసం బయటికొచ్చిన పనిచీమలు, గూటిలో ఉన్నవాటిలో కొద్ది భాగం మాత్రమే. గుడ్లు పెట్టే రాణి గోడ పగుల్లోనో, గచ్చు కిందో, తలుపు చట్రంలోనో ఉంటుంది. బారు మీద పొడి చల్లితే ఆ బారు చస్తుంది. రాణికి ఏమీ కాదు, వారం పదిరోజుల్లో కొత్త బారు. మందు కొట్టి, మళ్ళీ కొట్టి, "ఈ మందు కూడా పనిచేయడం లేదు" అని ఇంకా ఘాటైనది తెస్తారు. ఇళ్ళలోకి గుళికలు వచ్చింది ఈ దారినే.

అందులోనూ లేత పసుపు రంగులో, కళ్ళు చికిలించి చూస్తే తప్ప కనపడనంత సన్నగా ఉండే చీమలున్నాయి చూడండి, ఆసుపత్రుల్లో, స్విచ్ బోర్డుల్లో, బాత్రూముల్లో తిరుగుతుంటాయి. వాటి గూటిలో రాణులు చాలా ఉంటాయి. వాటి మీద స్ప్రే కొడితే గూడు ముక్కలై, ఒక్కో ముక్క ఒక్కో రాణిని తీసుకుని వేరే మూలకు పోయి కాపురం పెడుతుంది. వంటింట్లో ఉన్న బాధ స్ప్రే కొట్టాక నాలుగు గదులకూ పాకుతుంది. మా ఊళ్ళో ఒక కొత్త డాబాలో అచ్చంగా ఇదే జరిగింది. వాళ్ళు ఇల్లు కట్టిన మేస్త్రీని తిట్టుకున్నారు.

మా డెల్టాలో చీమలు ఎందుకింత ఎక్కువో చెప్పుకుంటే ఏం చేయాలో కూడా తెలుస్తుంది. మా నేల కింద నీళ్ళు మూరెడు లోతులో ఉంటాయి. వానలు ముదిరి, కాలవలు నిండి, చేలు చెరువులై పోతే నేలలో గూళ్ళు పెట్టిన చీమలకు ఉండటానికి చోటుండదు. మెరక కావాలి. ఊళ్ళో మెరకంటే మన ఇంటి పునాదే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంకల్లో జనం మేడల మీద తలదాచుకున్నారు. ఎర్ర చీమలు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలుగా నీటి మీద తేలుతూ వచ్చి గోడలకు అంటుకున్నాయి. ఆ రోజుల్లో పడవల్లో వెళ్ళి మందులు పంచినప్పుడు పాము కాటు భయం ఒకవైపు ఉండగా, చీమకాట్లతో కాళ్ళు వాచినవాళ్ళూ చాలామంది కనిపించారు.

దీనికి తోడు కొబ్బరి. మా ఇళ్ళు కొబ్బరి తోటల్లోనే ఉంటాయి. 2016లో పొల్లాచ్చి దగ్గర మనదేశంలో మొదటిసారి కనపడిన సర్పిలాకార తెల్లదోమ మన తోటలకూ పట్టింది కదా. ఆకు అడుగున అది రసం పీల్చి, తియ్యటి జిగురు కారుస్తుంది. ఆ జిగురు కింది ఆకుల మీద, అరటి మీద, మన పెరట్లో మందారం మీద, బట్టలారేసే తీగ మీద కూడా పడుతుంది. దాని మీదే నల్లటి మసి పడుతుంది. చీమలకు అది తేరగా దొరికే తిండి. పిండినల్లి, పేనుబంక పట్టిన మొక్కల మీదా అంతే. జిగురు కోసం చీమలే ఆ పురుగులకు కాపలా కాస్తాయి, వాటిని తినే అక్షింతల పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. కాబట్టి పెరట్లో మందారానికి పిండినల్లి ఉన్నంతకాలం ఇంట్లో చీమలకు మందేసి ప్రయోజనం లేదు. ముందు ఆ కొమ్మ కోసేయాలి, లేదా గట్టి నీటిధారతో కడగాలి. కొబ్బరి తెల్లదోమకు ఘాటు మందులు కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చిపోయి ఇంకా పెరుగుతుందని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు చెబుతూనే ఉన్నారు. ఇసారియా అనే మేలు చేసే బూజును నీళ్ళలో కలిపి కొట్టమంటున్నారు. రైతులు వాళ్ళను అడగాలి.

పెంకు మీదకు వాలిన కొబ్బరి మట్ట, డాబా పిట్టగోడకు తగిలే మామిడి కొమ్మ, ఇంటి గోడకు ఆనించి పోసిన కొబ్బరి డొక్కల రాశి, ఇవి మూడూ చీమలకు వంతెనలు. దింపు తీసేవాళ్ళు వచ్చినప్పుడే ఆ మట్ట కొట్టించేయండి. డొక్కల్ని గోడకు నాలుగడుగుల దూరంలో పోయండి. ఈ రెండు పనులకు పైసా ఖర్చు లేదు.

ఇక వంటింట్లోకి వస్తాను. చీమ నడిచిన దారిలో వాసన జాడ వేసుకుంటూ పోతుంది, వెనక వచ్చేవి ఆ జాడ పట్టుకుని నడుస్తాయి. పొడిగుడ్డతో బారును తుడిచేస్తే చీమలు పోతాయి గానీ జాడ పోదు. సబ్బునీళ్ళతో తుడవాలి. తుడిచే ముందు ఓ నిమిషం ఓపిక పట్టి అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడాలి. చాలామంది ఇది చేయరు. కనపడగానే చంపేస్తారు, దాంతో కన్నం ఎక్కడుందో చెప్పేవాళ్ళే లేకుండా పోతారు. కన్నం దొరికితే వైట్ సిమెంటుతోనో, గోడలకు పెట్టే పుట్టీతోనో మూసేయండి. కిటికీ చట్రం, సింకు కింద గొట్టం వచ్చేచోటు, కరెంటు పైపులు, ఎక్కువగా ఇవే దారులు. స్విచ్ బోర్డులో ఉంటే మీరు విప్పొద్దు, నీళ్ళు, స్ప్రే అసలు కొట్టొద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

గూటిలో రాణి దాకా వెళ్ళేది ఒకటే మార్గం. అది చీమల చేతే మోయించాలి. చీమలు తిన్నది కడుపులో దాచుకుని వెళ్ళి గూటిలో మిగతావాటికి, పిల్లలకు, రాణికి నోటితో పంచుతాయి. దార్లో చచ్చిపోనంత తేలిగ్గా మందుంటే అది గూటిలో అన్నిటికీ చేరుతుంది. దీనికి బోరిక్ పౌడరు బాగా పనిచేస్తుంది. మందుల షాపుల్లో దొరుకుతుంది, క్యారమ్ బోర్డు మీద చల్లేది కూడా చాలావరకు ఇదే. అర లీటరు గోరువెచ్చని నీళ్ళలో 50 గ్రాముల పంచదార, 5 గ్రాముల బోరిక్ పౌడరు, అంటే తలకొట్టిన ఓ చిన్న చెంచాడు, పూర్తిగా కరిగేదాకా కలపాలి. ఎక్కువేస్తే త్వరగా పనిచేస్తుందని రెండు చెంచాలు వేయకండి. ఎక్కువైతే చీమలు ముట్టవు, ముట్టినా దార్లోనే పోతాయి. దూది ఉండను ఆ నీళ్ళలో ముంచి, మూతకు సన్న కన్నాలు పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, చీమల దారి పక్కన పెట్టాలి. దూది ఆరితే మళ్ళీ తడపాలి.

మొదటి రెండు మూడు రోజులు చీమలు ఇంకా ఎక్కువ వస్తాయి. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి స్ప్రే కొట్టేస్తారు, అంతటితో పడ్డ శ్రమంతా వృథా. రానివ్వండి, తీసుకెళ్ళనివ్వండి. చంపొద్దు, ఈ ఎర పెట్టినన్నాళ్ళూ ఆ చుట్టుపక్కల సబ్బునీళ్ళతో తుడవొద్దు. రెండు మూడు వారాల్లో బారు పలచబడి ఆగిపోతుంది. తీపికి రాని చీమలుంటాయి, నూనెకు, మాంసానికి వచ్చేవి. వాటికి వేయించి నూరిన వేరుశనగ ముద్దలో ఓ చిటికెడు కలిపి పెట్టండి. గూడు పెరట్లో కనపడుతుంటే, పక్కన మొక్కల వేళ్ళు లేకపోతే, మరిగిన నీళ్ళు పోసినా చాలు. పిల్లల్ని దూరంగా పంపి పోయండి.

బోరిక్ పౌడరూ విషమేనని మర్చిపోవద్దు. గుళికలంత ప్రమాదం కాదు గానీ పిల్లలు తింటే వాంతులు, విరేచనాలు పడతాయి, ఎక్కువైతే ప్రాణం మీదకు వస్తుంది. గర్భిణులు కలపకుండా ఉండటం మంచిది. ఆ డబ్బా పిల్లలకు, కుక్కలకు, కోళ్ళకు అందని చోటే పెట్టాలి. కలిపిన తీపి నీళ్ళను కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఫ్రిజ్ మీద పెట్టడం అనే పని ఎవరూ చేయకండి. ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకేసారి కలుపుకుని పంచుకోండి, మిగిలితే లెట్రిన్‌లో పారబోయండి. మళ్ళీ కావాలంటే మళ్ళీ కలుపుకోవచ్చు. చీమలకని షాపులో అమ్మే జెల్, డబ్బా ఎరలు కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. లేబుల్ ఉన్నవి కొనుక్కోగలిగిన వాళ్ళు కొనుక్కోండి. పసుపు, కర్పూరం, లవంగాలు గురించి చాలామంది అడుగుతారు. పెట్టినచోట ఒకటి రెండు రోజులు రావు, మా గాలిలో తేమకు ఆ వాసన నిలవదు. హాని లేదు కాబట్టి పెట్టుకోవచ్చు.

మా అత్తగారి రోజుల్లో పాలగిన్నె ఉట్టి మీద ఉండేది, వంటకాల అలమర కాళ్ళ కింద నీళ్ళు పోసిన మట్టి చిప్పలు ఉండేవి. ఇప్పటికీ సంక్రాంతికి అరిసెలు, సున్నుండలు చేసుకున్నప్పుడు డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెట్టడం కంటే మంచి ఉపాయం లేదు. ఆ నీళ్ళ మీద దుమ్ము, నూనె తేలితే చీమలు దాని మీద నడిచి దాటేస్తాయి, అందుకని రెండు చుక్కల డిష్‌వాష్ సబ్బు వేయండి. అయితే ఓ ఆరోగ్య కార్యకర్తగా గట్టిగా చెప్పాల్సిన మాట, ఆ నీళ్ళు వారాల తరబడి వదలొద్దు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి చిన్న చిన్న నిల్వ నీళ్ళలోనే. ఫ్రైడే డ్రైడే అని మేం ఇంటింటికీ తిరిగి కుండీలు, టైర్లు చూసేవాళ్ళం గానీ, అలమర కాళ్ళ కింది చిప్పలు చూడటం మాకూ సూపర్‌వైజర్ చెప్పాకే అలవాటైంది. రెండు రోజులకోసారి పారబోసి, చిప్పను రుద్ది కడిగి మళ్ళీ పోయండి.

చంటిపిల్లల ఉయ్యాల గురించి వేరేగా చెప్పాలి. దూలానికి తాడుతో కట్టిన చీర ఉయ్యాలలోకి చీమలు పైనుంచి దిగుతాయి. పిల్ల కక్కిన పాల వాసనకు మెడ మడతల్లో, చెవుల దగ్గర చేరతాయి. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే దిష్టి తీసేవాళ్ళే గానీ గుడ్డ విప్పి చూసేవాళ్ళు తక్కువ. తాడు మీద, పిల్లకు అందనంత ఎత్తులో, జానెడు మేర వేజలిన్ దట్టంగా పట్టించండి. చీమ దాన్ని దాటలేదు. దుమ్ము పడితే తుడిచి మళ్ళీ రాయండి. ఉయ్యాల చీర రోజూ ఉతకండి. పిల్ల మెడ తడిగుడ్డతో తుడవండి. ఉయ్యాల చుట్టూ చాక్‌పీసు గీయడం, పొడి చల్లడం మాత్రం ససేమిరా వద్దు. చంటిపిల్ల చర్మం పలచన, పైగా చేతికి తగిలిందల్లా నోట్లోకే పోతుంది. చీమ కుడితే చల్లటి నీళ్ళతో కడిగితే చాలు. పెదాలు, కళ్ళు వాచినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

పొదిగే కోడి గంప చుట్టూ గుళికలు వేసే అలవాటు మా వైపు చాలా ఉంది. పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని వచ్చే వేళకు ఎర్ర చీమలు పట్టి చంపేస్తాయన్నది నిజమే. కానీ గుళికను నూక అనుకుని తల్లికోడే ఏరుకు తింటుంది. గంప కింద మందంగా పొడి బూడిద పోయండి, పొదుగు పూర్తయ్యే రోజుల్లో గంపను నాలుగు ఇటుకల మీద ఎత్తి, ఇటుకల కింద నీళ్ళ పళ్ళేలు పెట్టండి. ఈనిన ఆవు దగ్గర దూడ బొడ్డుకు వెంటనే అయోడిన్ పూస్తే ఆ తడికి, వాసనకు చీమలు చేరే బాధ తగ్గుతుంది.

అన్ని చీమల్నీ చంపాల్సిన పని కూడా లేదు. మామిడాకులు కలిపి కుట్టి గూడు కట్టుకునే ఎర్ర చీమలు కుడితే మంట నిజమే గానీ, చెట్టు మీద పురుగుల్ని తినేవి అవే. వాటిని చెట్టు మీదే ఉండనివ్వండి, ఇంటికి తగిలే కొమ్మ ఒక్కటి కొట్టేస్తే చాలు. పెద్ద నల్ల గండుచీమలు రాత్రిపూట తలుపు చట్రంలోంచి వస్తుంటే అక్కడ చెక్క చెమ్మకు నానిందని అర్థం, ముందు ఆ నీరు ఎక్కడి నుంచి కారుతోందో చూడాలి. తొలకరి వానకు దీపం చుట్టూ ముసిరే రెక్కల పురుగుల్లో చీమలూ ఉంటాయి, చెదలూ ఉంటాయి. నడుము సన్నగా నొక్కినట్టుండి, ముందు రెక్కలు పెద్దవీ వెనకవి చిన్నవీ అయితే చీమ. నడుము లేకుండా ఒకే మందంగా ఉండి, నాలుగు రెక్కలూ సమానంగా ఉంటే చెద. చెదలైతే వైద్యం పూర్తిగా వేరు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకొకటి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు మూత్రం పోసినచోట చీమలు చేరుతుంటే దానికి మందు చల్లకండి. వాళ్ళను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి షుగర్ పరీక్ష చేయించండి. మూత్రంలో చక్కెర పోతున్నప్పుడు చీమలు వస్తాయి. నా సర్వీసులో అలా బయటపడ్డ షుగర్ కేసులు ఉన్నాయి, వాళ్ళెవరికీ అప్పటిదాకా జబ్బుందని తెలియదు.

ఎవరైనా పొరపాటున పురుగుమందు మింగితే ఉప్పునీళ్ళు, చింతపండు రసం, సబ్బునీళ్ళు పట్టి కక్కించొద్దు. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. పాలు, మజ్జిగ కూడా పట్టొద్దు. ఒంటి మీద పడి ఉంటే బట్టలు విప్పేసి సబ్బుతో కడగండి, కడిగేవాళ్ళు చేతులకు ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోన్ చేయండి. ఆ డబ్బా, పొట్లం, చాక్‌పీసు ముక్క, ఏదైతే అది, వెంట తీసుకెళ్ళండి. సొంగ, చెమట, కంటిపాప చిన్నదవటం, కండరాలు అదరటం కనిపిస్తే ఆ మాటలు డాక్టరుకు చెప్పండి.

అధికారులకు నా విన్నపం ఇది. వ్యవసాయ శాఖవారు పురుగుమందుల షాపుల్ని తనిఖీ చేసేటప్పుడు స్టాకు రిజిస్టరుతో సరిపెట్టకుండా, విప్పిన డబ్బాలు ఉన్నాయా, పొట్లాలు కడుతున్నారా అని చూడాలి. సంతల్లో, బస్టాండుల్లో లేబుల్ లేని చాక్‌పీసులు అమ్మేవాళ్ళను పంచాయతీవారు ఆపాలి. చాలామంది అవి అమ్ముకుని బతికే పేదవాళ్ళే, వాళ్ళకు సరఫరా చేసేవాళ్ళను పట్టుకోండి. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు ఎలాగూ ఇంటింటికీ వెళతారు, వర్షాకాలం ముందు ఒక్కసారి వంటింట్లో మందు పొట్లం ఉందేమో అడగమని వాళ్ళకు చెప్పండి. షాపుల యజమానులకూ చేతులెత్తి నమస్కరించి అడుగుతున్నాను, "చీమలకండి" అని ఆడవాళ్ళు వస్తే గుళికలు అమ్మకండి.

మీ పత్రిక జిల్లా పేజీలో ఈ బోరిక్ నీళ్ళ కొలతలు, విషం మింగినప్పుడు చేయాల్సినవి ఒక చిన్న డబ్బాలో వేరేగా, కత్తిరించి గోడకు అంటించుకునేలా వేయగలరా? ఇది వానలు ముదరకముందు ఒకసారి, ధనుర్మాసంలో పిండివంటలు మొదలయ్యే వేళకు మరోసారి వస్తే మా ఊళ్ళలో చాలామంది దాచుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం,
రాజోలు మండలం,
డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా